దామోదరం సంజీవయ్య: పశువులు కాసిన పిల్లాడు ముఖ్యమంత్రి అయ్యాడు.. కోడుమూరు గెలిపించాక కుర్చీ దిగాడు.. అసలేం జరిగింది?

అది 1960 జనవరి 11. హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. వయసు ఇంకా 39 కూడా నిండలేదు. ఊరు కర్నూలు పక్కన పెద్దపాడు. పేరు దామోదరం సంజీవయ్య. దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయనే.

సరిగ్గా మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 1న, అమెరికాలో ఇంకో సంఘటన జరిగింది. నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ స్టోర్‌లోకి వెళ్లి, తెల్లవాళ్లకు మాత్రమే కేటాయించిన టిఫిన్ కౌంటర్ దగ్గర కూర్చున్నారు. కాఫీ అడిగారు. ఇవ్వలేదు. అయినా లేవలేదు. రోజురోజుకీ జనం పెరిగారు. అమెరికా పౌర హక్కుల పోరాటంలో అదొక పెద్ద మలుపు.

ఈ రెండింటికీ సంబంధం ఏంటి అనుకుంటున్నారా? ఉంది. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన రాయలసీమ పల్లెలకు ఆ కౌంటర్ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ రంగు, ఇక్కడ కులం. అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టమే వేరు చేసింది. ఇక్కడ చట్టం వద్దన్నా ఊరు వేరు చేసింది. కాగితం మీద ఉన్న న్యాయం మనిషి గుమ్మం దాకా రావాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్నకు సంజీవయ్య జీవితమే ఒక జవాబు. పూర్తి జవాబు మాత్రం కాదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

తండ్రిని చూడని బిడ్డ

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. ఐదుగురు పిల్లల్లో ఈయనే చివరివాడు. సొంత భూమి లేదు. నేత పని, కూలి పని.. ఇదే బతుకు. బిడ్డ పుట్టిన మూడు రోజులకే తండ్రి చనిపోయారు.

ఇక ఇల్లు ఎలా గడవాలి? మేనమామ వచ్చి ఆ కుటుంబాన్ని పాలకుర్తికి తీసుకెళ్లారు. అక్కడ చిన్న సంజీవయ్య పని పశువులు కాయడం. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పెద్దపాడు వచ్చారు. అన్న చిన్నయ్య కూలికి వెళ్లి తమ్ముడిని బడికి పంపాడు. ఆ ఇంట్లో ఒకరు చదవాలంటే మిగతావాళ్లు కష్టపడాలి. అలా పడ్డారు కూడా.

ఊరి బడి అయ్యాక కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాల. ఆ తర్వాత మునిసిపల్ హైస్కూలు. 1938లో ఎస్ఎస్ఎల్‌సీలో జిల్లాలోనే మొదటివాడిగా నిలిచారు. కూలి చేసుకునే ఇంటి పిల్లాడు జిల్లా ఫస్ట్ రావడం అంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కర్నూలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. అదే 1938లో మద్రాసు శాసనసభ ఒక చట్టం చేసింది. బావులు, దారులు, సత్రాలు లాంటి అందరికీ చెందిన చోట్లకు అంటరానివాళ్లని పేరుపెట్టి ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని ఆ చట్టం చెప్పింది. అంటే సంజీవయ్య హైస్కూలు దాటేసరికి చట్టం ప్రకారం ఊరి బావి ఆయనది కూడా. కానీ చట్టం వచ్చిందని ఏ ఊరి బావి దగ్గరైనా చేద మారిందా? చాలాచోట్ల లేదు. ఈ తేడాను పుస్తకంలో చదివి కాదు, బతికి తెలుసుకున్న తరం ఆయనది.

గుమాస్తా, లెక్కల మాస్టారు, ఆపై లాయరు

డిగ్రీ కోసం అనంతపురం వెళ్లారు. అక్కడి దత్తమండల కళాశాలలో స్కాలర్‌షిప్ మీద బీఏ చేశారు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బియ్యం, కిరోసిన్ అన్నీ రేషనే. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం వెంటనే దొరకలేదు. చివరికి కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరారు. తర్వాత కూడా చిన్న చిన్న ఉద్యోగాలు చేశారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. ఆయన మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరారు. ఫీజులు కట్టాలి, తిండి తినాలి. అందుకే ఒక పక్క లా చదువుతూ ఇంకో పక్క బడిలో లెక్కలు చెప్పారు. 1948లో లా పూర్తయింది. 1950లో అడ్వకేట్‌గా నమోదయ్యారు.

లాయర్ కావాలని ఎందుకు అనుకున్నారు? ఆ కాలంలో అంటరానితనం మీద పోరాడినవాళ్లలో చాలామందికి కోర్టు, చట్టం ఒక ఆయుధం. అంబేద్కర్ బారిస్టర్. అటు అమెరికాలో తుర్గూడ్ మార్షల్ అనే నల్లజాతి లాయరు కేసు మీద కేసు వేసి, 1954లో బడుల్లో తెల్ల, నల్ల వేరు ఉండకూడదని సుప్రీంకోర్టు చేత చెప్పించారు. సంజీవయ్య కోర్టు కంటే చట్టసభ వైపు నడిచారు. వాదించడం కన్నా చట్టం రాసే చోట కూర్చోవడం ఆయన దారి అయింది.

చట్టం మారిన రోజు ఆయన సభలోనే ఉన్నారు

1950లో సంజీవయ్య తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. తాత్కాలికం అంటే? రాజ్యాంగం అమల్లోకి వచ్చింది కానీ మొదటి ఎన్నికలు ఇంకా జరగలేదు. ఆ మధ్యకాలంలో దేశానికి చట్టాలు చేసిన సభ అది.

అప్పుడే మద్రాసు నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే చంపకం దొరైరాజన్ కేసు. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజినీరింగ్ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. లెక్క ఇలా ఉండేది: ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, 1 ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు, 1 ముస్లింలకు. ఇది రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికి విరుద్ధమని 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది.

అంటే సమానత్వం అనే మాటతోనే వెనుకబడినవాళ్ల సీట్లు పోయే పరిస్థితి వచ్చింది. దీంతో రెండు నెలల్లోనే పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసింది. 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేరింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని అందులో రాశారు. ఆ సవరణ చేసిన సభలో సంజీవయ్య ఒక సభ్యుడు. స్కాలర్‌షిప్ లేకపోతే తన చదువు ఎక్కడ ఆగిపోయేదో ఆయనకు బాగా తెలుసు.

ఒక్కసారి అమెరికా వైపు చూద్దాం. అక్కడ అంతర్యుద్ధం తర్వాత 1868లోనే రాజ్యాంగంలో సమాన రక్షణ అనే మాట రాశారు. కానీ 1896లో వాళ్ల సుప్రీంకోర్టే, వేరుగా ఉంచినా సమానంగా ఉంచితే తప్పు లేదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు నీడలో నల్లవాళ్లు దాదాపు 60 ఏళ్లు వేరే బోగీల్లో, వేరే బడుల్లో గడిపారు. అక్షరం అదే, అర్థం చెప్పేవాళ్లు మారితే న్యాయం కూడా మారిపోతుంది. ఇక్కడైనా అక్కడైనా ఇదే పాఠం.

ఒకే నియోజకవర్గం, ఇద్దరు ఎమ్మెల్యేలు

1952 ఎన్నికల్లో సంజీవయ్య మద్రాసు శాసనసభకు గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో చోటు దక్కింది. వయసు 31. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని అయ్యాక ప్రకాశం పంతులు మంత్రివర్గంలో, ఆ తర్వాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో పనిచేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలోనూ ఉన్నారు. సొంత ఇల్లు లేని మనిషి మంత్రిగా ఒక రాజధాని నుంచి ఇంకో రాజధానికి మారుతూ వచ్చారు. మధ్యలో 1954లో కృష్ణవేణిని పెళ్లి చేసుకున్నారు.

1955లో ఆయన ఎమ్మిగనూరు నుంచి గెలిచారు. ఇప్పటి కుర్రాళ్లకు వింతగా అనిపించే విషయం ఒకటి ఉంది. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి ఎమ్మెల్యేలు. ఒక సీటు జనరల్, ఒకటి ఎస్సీ. ఓటర్లు మాత్రం అందరూ కలిసే రెండు ఓట్లు వేసేవారు. ఎమ్మిగనూరు అలాంటిదే. సంజీవయ్యతో పాటు అక్కడి నుంచి గెలిచింది కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆయనది కోడుమూరు దగ్గర లద్దగిరి. ఒకే నియోజకవర్గం నుంచి ఒకేసారి గెలిచిన ఆ ఇద్దరూ తర్వాత ముఖ్యమంత్రులయ్యారు. ఒకరు ఊళ్లో పెద్ద ఇంటి బిడ్డ. ఇంకొకరు కూలి ఇంటి బిడ్డ. ఓటు పెట్టె మాత్రం ఇద్దరినీ ఒకే సభలో కూర్చోబెట్టింది.

ముఖ్యమంత్రి ఎలా అయ్యారు?

1959 చివర్లో సీఎం నీలం సంజీవరెడ్డిని కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా ఎంచుకున్నారు. కుర్చీ ఖాళీ అయింది. రాష్ట్ర కాంగ్రెస్‌లో వర్గాలు ఎక్కువ. భూములు, బలగం ఉన్న నాయకులు చాలామంది లైన్లో ఉన్నారు. ఒకరిని ఎంచుకుంటే ఇంకొకరు ఒప్పుకోరు. ఆ పరిస్థితిలో అందరికీ పనికొచ్చే పేరుగా సంజీవయ్య ముందుకొచ్చారు. ప్రధాని నెహ్రూ ఆమోదం దొరికింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. దళితుడికి అవకాశం ఇద్దామని అందరూ మనస్ఫూర్తిగా కూర్చోబెట్టిన కుర్చీ కాదది. వర్గాల మధ్య రాజీలో దొరికిన కుర్చీ. వెనకాల సొంత ముఠా లేదు, డబ్బు లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దించేయొచ్చు అనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. ఆ సంగతి తెలిసీ ఆయన కూర్చున్నారు. ఎన్నాళ్లు ఉంటామో తెలియనప్పుడు ఉన్నన్నాళ్లూ ఏం చేశామన్నదే లెక్క.

కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా సుంకులమ్మ పెద్దపాడులోనే ఉన్నారు. కట్టెల పొయ్యి, మట్టి కుండలు. ఆ ఇంటిని చూసి ఇది ముఖ్యమంత్రి ఇల్లేనా అని వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయారని కర్నూలు జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండేళ్లలో ఏం చేశారు?

సీఎంగా ఆయన ఉన్నది 1960 జనవరి 11 నుంచి 1962 మార్చి 12 వరకు. అంటే రెండేళ్ల రెండు నెలలు. ఈ కొద్ది కాలంలోనే కొన్ని పనులు జరిగాయి.

మొదటిది వృద్ధాప్య పింఛను. దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కొడుకు తల్లి చేతిలో నెల ఖర్చుకు డబ్బు పెట్టాడట. నాకంటే నువ్వున్నావు, కొడుకులు లేని ముసలివాళ్ల సంగతేంటని ఆమె అడిగారట. అక్కడి నుంచే పింఛను ఆలోచన వచ్చిందంటారు. కథ ఎలా ఉన్నా పింఛను మాత్రం నిజం. ఇవాళ ప్రతి ఎన్నికల్లోనూ పింఛను ఎంత పెంచుతామన్నదే పెద్ద హామీ. దాని మొదటి అడుగు మన రాష్ట్రంలో ఆయన కాలంలోనే పడింది.

రెండోది ఏసీబీ. లంచం కేసు, ట్రాప్, రెడ్ హ్యాండెడ్.. రోజూ వార్తల్లో వినే ఈ మాటల వెనుక ఉన్న అవినీతి నిరోధక శాఖ 1961 జనవరి 2న ఏర్పడింది. లంచం అందరినీ బాధిస్తుంది. కానీ పేదవాడిని ఎక్కువ బాధిస్తుంది. ఉన్నవాడికి లంచం ఖర్చు, లేనివాడికి అది మూసేసిన తలుపు.

మూడోది భూమి. 1961లో భూ పరిమితి చట్టం వచ్చింది. ప్రభుత్వ బంజరు భూముల్ని పేదలకు పంచే కార్యక్రమం నడిచింది. దాదాపు 6 లక్షల ఎకరాలు పంచారని చెబుతారు. అయితే భూ పరిమితి చట్టం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ చట్టంలో పరిమితి నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. మెట్ట భూములున్న రాయలసీమలో ఇది చాలా పెద్ద పరిమితి. దాంతో మిగులు భూమి పెద్దగా బయటపడలేదు. పెద్ద భూస్వాములు నిండిన సభలో భూ చట్టం ఎంత దూరం వెళ్లగలదో అంతే వెళ్లింది. సీఎం కుర్చీలో ఎవరున్నా సభలో లెక్కలు మారకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

నాలుగోది చదువు. 1961లోనే రాష్ట్రంలో ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. పశువులు కాస్తూ బడి వైపు చూసిన పిల్లాడు ముఖ్యమంత్రి అయ్యాక పిల్లల్ని బడికి పంపే చట్టం రావడం యాదృచ్ఛికం అనుకోలేం.

ఐదోది పరిశ్రమలు. 1960 చివర్లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడింది. చదువుకున్నవాడికి ఉద్యోగం దొరక్క తిరిగిన రోజులు ఆయనకు గుర్తే.

అదే కాలంలో ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు ఇంకో ముఖ్యమైన కేసు నడిచింది. ఉద్యోగం ఇచ్చేటప్పుడే కాదు, ప్రమోషన్‌లో కూడా ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఇవ్వొచ్చా అన్నది ప్రశ్న. రైల్వే ఉద్యోగి రంగాచారి కేసు అది. 1961 ఏప్రిల్‌లో ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఇవ్వొచ్చన్నారు, ఇద్దరు కాదన్నారు. ఒక్క జడ్జి అటు మారి ఉంటే తీర్పే మారేది. లక్షల మంది ఉద్యోగాల భవిష్యత్తు అంత సన్నని దారం మీద నడిచింది.

కోడుమూరు గెలిపించింది.. కానీ

1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దు చేసింది. ఇక ఎక్కడైనా ఒక్కరే ఎమ్మెల్యే. 1962 ఫిబ్రవరి ఎన్నికల్లో సంజీవయ్య కోడుమూరు నుంచి పోటీ చేసి గెలిచారు. కోడుమూరు జనం ఓటేసింది మామూలు అభ్యర్థికి కాదు, కూర్చుని ఉన్న ముఖ్యమంత్రికి.

రాష్ట్రంలో కాంగ్రెస్ 300 సీట్లలో 177 గెలిచింది. ప్రభుత్వం అదే పార్టీది. మరి ముఖ్యమంత్రి? మార్చి 12న నీలం సంజీవరెడ్డి మళ్లీ వచ్చి ప్రమాణం చేశారు. సంజీవయ్య పక్కకు తప్పుకున్నారు. ఎన్నికల్లో ఓడి కాదు. ప్రజలు వద్దని కాదు. ఆయన నాయకత్వంలో ఎన్నికలకు వెళ్లి గెలిచిన పార్టీలోనే లెక్కలు మారాయి. వెనక బలగం లేని నాయకుడికి జనం ఓటు ఒక్కటే సరిపోలేదు.

ఆయన రోడ్డెక్కలేదు, పార్టీ చీల్చలేదు. అలా చేసి ఉండాల్సిందని కొందరు అంటారు. అది ఆయన మంచితనమని ఇంకొందరు అంటారు. ఏదైనా, కోడుమూరుకు దక్కిన ముఖ్యమంత్రి ఎమ్మెల్యే హోదా కొద్ది రోజుల్లోనే పోయింది.

ఢిల్లీలో ఇంకో ఇన్నింగ్స్

1962లోనే సంజీవయ్యను కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిని చేశారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు కూడా ఆయనే. 1964 జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి ప్రధాని అయ్యాక కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

అదే ఏడాది జూలై 2న అమెరికాలో పౌర హక్కుల చట్టం వచ్చింది. గ్రీన్స్‌బరో లాంటి కౌంటర్లలో రంగు చూసి వేరు చేయడం చట్టవిరుద్ధమైంది. పనిలో పెట్టుకునేటప్పుడు రంగు చూడటం కూడా చట్టవిరుద్ధం అయింది. అక్కడ పని చోట రంగు మీద పోరాటం నడుస్తుంటే, ఇక్కడ సంజీవయ్య బల్ల మీదికి కూలి మనిషి వాటా లెక్క వచ్చింది.

అదే బోనస్ చట్టం. 1965లో ఆయన కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ఇది వచ్చింది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో లాభం వచ్చినా నష్టం వచ్చినా కనీసం 4 శాతం బోనస్ ఇవ్వాలి. గరిష్ఠం 20 శాతం. అప్పటిదాకా బోనస్ అంటే యజమాని దయ, లేకపోతే కోర్టులో ఏళ్ల తరబడి గొడవ. ఆ చట్టంతో అది హక్కు అయింది. ఇప్పుడు కనీస బోనస్ 8.33 శాతం. పండగకి బోనస్ పడిందా అని అడిగే ప్రతి ఉద్యోగి మాటలో ఆయన పని కొంచెం ఉంది.

తర్వాత పరిశ్రమల శాఖ చూశారు. 1970లో మళ్లీ కార్మిక శాఖ వచ్చింది. అదే ఏడాది కార్మికుల సమస్యల మీద ఆయన రాసిన పుస్తకం అచ్చయింది. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 51. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్క్ ఆయన పేరుతోనే ఉంది.

చనిపోయేనాటికి ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి లేదని ఆయనను ఎరిగినవాళ్లు చెప్పేవారు.

ఆయన తర్వాత ఏమైంది?

సంజీవయ్య చనిపోయిన ఏడాదే ఆంధ్రప్రదేశ్ బీసీ రిజర్వేషన్ల కేసు ఒక కొలిక్కి వచ్చింది. అంతకుముందు 1968లో రాష్ట్ర బీసీ జాబితాను సుప్రీంకోర్టు కొట్టేసింది. వెనుకబాటుకు తగిన ఆధారాలు చూపలేదన్నది కారణం. ఆ తర్వాత అనంతరామన్ కమిషన్ ఊరూరా తిరిగి లెక్కలు సేకరించింది. ఆ లెక్కలతో ఇచ్చిన 25 శాతం రిజర్వేషన్‌ను 1972లో సుప్రీంకోర్టు సమర్థించింది. న్యాయం కోర్టులో నిలబడాలంటే కోపం చాలదు, కాగితం కూడా గట్టిగా ఉండాలని ఆ కేసు నేర్పింది.

చట్టాలూ పెరిగాయి. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టానికి 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చి, శిక్షలు పెంచారు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది.

మరి చట్టాలు వచ్చాక ఏం జరిగింది? 1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 2008లో. అంటే 23 ఏళ్ల తర్వాత. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసి నిందితుల్ని వదిలేసింది. బాధితుల కుటుంబాలకు చేతికొచ్చింది మళ్లీ చేజారింది.

అమెరికాలోనూ దారి సాఫీగా లేదు. తుర్గూడ్ మార్షల్ 1967లో అక్కడి సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి జడ్జి అయ్యారు. కానీ ఒక నల్లజాతీయుడు ఎన్నికల్లో గెలిచి రాష్ట్ర గవర్నర్ కావడానికి 1990 దాకా ఆగాల్సి వచ్చింది. వర్జీనియా గవర్నర్‌గా డగ్లస్ వైల్డర్ ప్రమాణం చేసింది ఆ ఏడాది జనవరిలోనే. అంటే పెద్దపాడు సంజీవయ్య ముఖ్యమంత్రి అయిన 30 ఏళ్ల తర్వాత.

ఇది చదివి మనం గర్వపడొచ్చు. అమెరికా కంటే 30 ఏళ్లు ముందున్నాం అనుకోవచ్చు. కానీ ఆగండి. 1962 మార్చి 12 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానీ, విడిపోయాక రెండు తెలుగు రాష్ట్రాల్లో కానీ ఇంకో దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. మొదటివాడే ఇప్పటిదాకా చివరివాడు కూడా. మొదట్లో పూర్తి జవాబు కాదన్నది ఇందుకే. ఒక్క మనిషి ఎక్కిన మెట్టు తర్వాతి మనిషికి దానంతట అది దారి కాదు. సంజీవయ్య ఎక్కినప్పుడు తలుపు తెరుచుకుంది నిజమే. ఆయన దిగాక మూసుకుంది కూడా నిజమే.

ఇప్పుడు ఆయన ఎక్కడున్నారు?

విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. రేపటి లాయర్లు, జడ్జీలు అక్కడ చదువుతున్నారు. లెక్కలు చెప్పుకుంటూ లా చదివిన కుర్రాడి పేరు ఆ సర్టిఫికెట్ల మీద ఉంటుంది. కర్నూలు జిల్లాలో హంద్రీ నది మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టును సంజీవయ్య సాగర్ అంటారు. కరువు సీమలో ఒక నాయకుడికి నీళ్ల మీద పేరు ఉండటం కంటే పెద్ద గౌరవం ఏముంటుంది?

కోడుమూరు ఇప్పటికీ ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గమే. ప్రతి ఐదేళ్లకు అక్కడి జనం ఒక దళిత ఎమ్మెల్యేను ఎన్నుకుంటూనే ఉన్నారు. కానీ 1962లో వాళ్లు ఓటేసింది ఒక ముఖ్యమంత్రికి. ఆ తేడా కోడుమూరు ఓటరు మర్చిపోకూడదు. మనమూ మర్చిపోకూడదు.